ఢీకొన్న గెలాక్సీల్లో పిల్ల స్టార్ క్లస్టర్లు: ఇన్‌ఫ్రారెడ్‌లో మనం చూసేది నక్షత్రాలనా, దుమ్మునా?

మసకమేఘం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఒక విషయం ఎంత చదివినా ముడి విడటం లేదు, ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

కొన్నాళ్లుగా యాంటెన్నే గెలాక్సీల (ఎన్‌జీసీ 4038, 4039) గురించి చదువుతున్నాను. రెండు పెద్ద గెలాక్సీలు ఢీకొని మెల్లగా ఒకటైపోతున్నాయి, ఆ గొడవలో వేల కొద్దీ కొత్త స్టార్ క్లస్టర్లు (ఒకేచోట కలిసి పుట్టిన నక్షత్రాల గుంపులు) పుట్టుకొచ్చాయి, హబుల్ ఫోటోల్లో అవి నీలి చుక్కల్లా మెరుస్తుంటాయి. ఇంతవరకు బాగానే అర్థమైంది. కానీ ఏ వ్యాసం తీసినా రెండు మాటలు కనిపిస్తున్నాయి. ఇన్‌ఫ్రారెడ్ కాంతి దుమ్మును దాటుకుని వచ్చేస్తుంది కాబట్టి దాని వెనక ఉన్న క్లస్టర్లు కనిపిస్తాయి అని ఒక పేరాలో రాస్తారు. ఆ తర్వాతి పేరాలోనే దుమ్ము వేడెక్కి ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంది అంటారు. దాటనిచ్చే దుమ్మే వెలగడమేమిటి? అలా వెలుగుతుంటే దాని వెనకున్నది ఎలా కనిపిస్తుంది?

ఇంకోటి కూడా ఉంది. ఫలానా క్లస్టర్ వయసు 40 లక్షల ఏళ్లు అని రాసేస్తారు. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, పైగా దుమ్ములో కూరుకుపోయి ఉన్న చుక్క వయసు అంత కచ్చితంగా ఎలా చెబుతారు? రంగును బట్టి అంటే, దుమ్ము పడ్డ కాంతి ఎటూ ఎర్రబడుతుంది కదా. దయచేసి కాస్త వివరంగా చెప్పండి, లెక్కలు ఉన్నా ఫర్వాలేదు.


ఏడోరంగు:

చిక్కు ఎక్కడుందంటే, మీరు చదివిన వ్యాసాలు ఇన్‌ఫ్రారెడ్ అంతటినీ ఒకే గంపగా చూపిస్తున్నాయి. కంటికి కనిపించే కాంతి సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యాల మధ్యే అయిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ అక్కడ మొదలై కొన్ని వందల మైక్రాన్ల దాకా పోతుంది. 2 మైక్రాన్ల దగ్గర జరిగేది వేరు, 20 దగ్గర వేరు, 100 దగ్గర వేరు. మీరు చదివిన రెండు మాటలూ నిజమే, రెండూ వేర్వేరు చోట్ల గురించి చెప్పినవి.

ముందు దగ్గరి ఇన్‌ఫ్రారెడ్, అంటే 1 నుంచి 3 మైక్రాన్లు అనుకుందాం. గెలాక్సీల్లో ఉండే ధూళి రేణువులు చాలావరకు మైక్రాన్‌లో పదో వంతు, ఆ చుట్టుపక్కల సైజులో ఉంటాయి. తమ సైజుకు దగ్గరగా ఉన్న తరంగాలను అవి గట్టిగా ఆపుతాయి, తమకంటే బాగా పొడవైన వాటిని పెద్దగా పట్టించుకోవు. అందుకే నీలి కాంతి ఎక్కువ ఆగుతుంది, ఎరుపు కొంచెం తక్కువ, 2.2 మైక్రాన్ల కాంతి చాలా తక్కువ. లెక్క అడిగారు కాబట్టి చెబుతున్నాను. కనిపించే కాంతిలో ఒక క్లస్టర్ దుమ్ము వల్ల 10 మాగ్నిట్యూడ్లు (ప్రకాశానికి కొలమానం, 5 మాగ్నిట్యూడ్లంటే వంద రెట్ల తేడా) మసకబారిందంటే మనదాకా వచ్చేది పదివేలలో ఒక వంతు. అదే దుమ్ము 2.2 మైక్రాన్ల దగ్గర సుమారు 1.1 మాగ్నిట్యూడ్లు మాత్రమే తింటుంది, అంటే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే బయటికొస్తుంది. పదివేలలో ఒక వంతు ఎక్కడ, మూడో వంతు ఎక్కడ! ఇక్కడ మనం చూసేది నిజంగా నక్షత్రాల కాంతినే.

ఇప్పుడు ఆ ఆగిపోయిన కాంతి సంగతి చూడండి. పిల్ల క్లస్టర్‌లో భారీ నక్షత్రాలు ఎక్కువగా వెదజల్లేది అతినీలలోహిత కాంతి, అది దాదాపుగా దుమ్ములోనే ఇంకిపోతుంది. శక్తి ఎటూ మాయమవదు కాబట్టి దుమ్ము వేడెక్కి దాన్ని తిరిగి బయటికి పంపాలి. వేడి అన్నానని మన వేడి అనుకోకండి. క్లస్టర్‌కు దగ్గరగా ఉన్న దుమ్ము 150 కెల్విన్ (సుమారు మైనస్ 123 డిగ్రీల సెల్సియస్) ఉందనుకుంటే దాని వెలుగు 20 మైక్రాన్ల దగ్గర గరిష్ఠంగా ఉంటుంది, కాస్త దూరంగా 40 కెల్విన్‌లో ఉన్న దుమ్ము 70 మైక్రాన్ల దగ్గర వెలుగుతుంది. అంటే 10 మైక్రాన్లు దాటాక మనం చూసేది ఎక్కువగా దుమ్మునే, నక్షత్రాలను కాదు. కానీ ఆ దుమ్మును వేడి చేసింది ఆ నక్షత్రాలే కాబట్టి లోపల ఎంత కాంతి పుట్టిందో దాని లెక్క మొత్తం అక్కడ దొరుకుతుంది. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. కనపడకుండా పోయిన కాంతికి కూడా లెక్క తేలుతుంది.

మీరు చదువుతున్న యాంటెన్నేలోనే దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ ఉంది. హబుల్ ఫోటోలో రెండు గెలాక్సీలూ ఒకదానిమీద ఒకటి పడ్డ చోట నల్లని దుమ్ము చారలు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు, చూపంతా నీలి చుక్కల మీదికే పోతుంది. 1995లో ప్రయోగించిన యూరప్ వాళ్ల ఐఎస్ఓ ఇన్‌ఫ్రారెడ్ అబ్జర్వేటరీతో 15 మైక్రాన్ల దగ్గర చూస్తే లెక్క తిరగబడింది. మొత్తం జంట గెలాక్సీల్లో అన్నిటికంటే తీవ్రంగా నక్షత్రాలు పుడుతున్నది ఆ నల్లగా కనిపించే చోటే. అక్కడున్న ఒకే ఒక్క ముద్ద, వ్యాసార్థంలో 50 పార్సెక్‌లు కూడా లేనిది (ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు), ఆ తరంగదైర్ఘ్యాల్లో మొత్తం జంట ఇచ్చే వెలుగులో దాదాపు 15 శాతం ఇస్తోంది. 1998లో వచ్చిన ఫలితం ఇది. హబుల్ ఫోటోలో అదే చోట వెతికితే ఒక నీరసమైన ఎర్ర చుక్క ఉంటుంది, ఎవరూ రెండోసారి చూడనంత చిన్నది.


మసకమేఘం:

ఏడోరంగు గారూ, చాలా థాంక్స్, పదివేల వంతు లెక్కతో ఒక్కసారిగా అర్థమైంది. అయితే ఆ ఎర్ర చుక్కనే 40 లక్షల ఏళ్లది అన్నారు నేను చదివినచోట. అది ఎలా తేల్చారు? రంగు మీద నమ్మకం పెట్టుకోలేం కదా?


చుక్కలలెక్క:

రంగు మీద నమ్మకం పెట్టుకోలేం అన్నది నూటికి నూరు పాళ్లు నిజం, ఈ రంగంలో ఇది చాలా పాత తలనొప్పి. దుమ్ములో ఉన్న పసి క్లస్టర్, దుమ్ము లేని ముసలి క్లస్టర్, రెండూ ఒకే ఎరుపులో కనిపించగలవు. రెండు మూడు ఫిల్టర్లలో మాత్రమే ఫోటోలు ఉంటే ఏది ఏదో విడదీయడం దాదాపు అసాధ్యం. దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ రంగులైతే ఇంకా కష్టం, ఎందుకంటే వయసు మారినా అవి అంతగా మారవు. అందుకే వయసు కావాలంటే వర్ణపటం తీయాలి, అంటే కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి చూడాలి.

ఆ చుక్కకు చేసింది అదే. హవాయిలోని కెక్ టెలిస్కోప్ మీద నియర్‌స్పెక్ అనే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో వర్ణపటం తీశారు, 2000లో ఫలితం ప్రచురించారు. (జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌లోనూ దాదాపు ఇదే పేరుతో ఒక పరికరం ఉంది, అది వేరు, కలిపేసుకోకండి.) కనిపించే కాంతిలో 9, 10 మాగ్నిట్యూడ్ల మసక, వయసు 40 లక్షల ఏళ్ల ప్రాంతం, బరువు పదుల లక్షల సూర్యులంత.

ఇక పద్ధతి. 2.166 మైక్రాన్ల దగ్గర బ్రాకెట్ గామా అనే హైడ్రోజన్ గీత ఉంటుంది. హైడ్రోజన్‌ను అయనీకరించగలిగినంత వేడి నక్షత్రాలు ఉన్నంతకాలమే అది మెరుస్తుంది. అలాంటి భారీ నక్షత్రాలు బతికేది చాలా తక్కువ, అన్నిటికంటే భారీవి 30, 40 లక్షల ఏళ్లకే పోవడం మొదలవుతాయి, కోటి ఏళ్లు వచ్చేసరికి గీత దాదాపు చచ్చిపోతుంది. కాబట్టి పక్కనున్న మామూలు నక్షత్ర కాంతితో పోల్చి ఆ గీత ఎంత బలంగా ఉందో కొలిస్తే వయసు పడుతుంది. ఇక్కడ అసలు సొగసు ఏమిటంటే, గీతా పక్క కాంతీ రెండూ ఒకే తరంగదైర్ఘ్యం దగ్గరివి. దుమ్ము రెంటినీ ఒకేలా తగ్గిస్తుంది, నిష్పత్తి తీసేసరికి దుమ్ము ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. మీ సందేహానికి సూటి జవాబు ఇదే.

2.3 మైక్రాన్ల దగ్గర ఇంకో గుర్తు ఉంది. కార్బన్ మోనాక్సైడ్ శోషణ పట్టీలు. ఇవి ఎర్ర మహాతారల (వయసు మీరి బాగా ఉబ్బిన భారీ నక్షత్రాల) చల్లటి వాతావరణాల్లో ఏర్పడతాయి. క్లస్టర్ పుట్టిన 70 లక్షల నుంచి కోటి ఏళ్ల మధ్య ఈ మహాతారలు తయారై మొత్తం దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ కాంతినే ఆక్రమించేస్తాయి. బ్రాకెట్ గామా బలంగా ఉండి ఈ పట్టీలు లేకపోతే పసిది. గీత నీరసించి పట్టీలు లోతుగా ఉంటే కోటి ఏళ్ల ప్రాంతం. రెండూ కలిసి ఉంటే మాత్రం జాగ్రత్త, మీ స్పెక్ట్రోగ్రాఫ్ చీలికలో రెండు తరాల క్లస్టర్లు పడి ఉండొచ్చు.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పి తీరాలి. చిన్న క్లస్టర్లలో, పదివేల సూర్యుల బరువు కంటే తక్కువున్న వాటిలో, ఒకటో రెండో ఎర్ర మహాతారలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి మొత్తం రంగు మారిపోతుంది. మోడల్ సగటు చెబుతుంది, నిజమైన క్లస్టర్ సగటున ఉండదు. యాంటెన్నే దైత్య క్లస్టర్లకు ఈ బాధ లేదు, వాటిలో నక్షత్రాలు అన్ని ఉన్నాయి కాబట్టి సగటు నమ్మొచ్చు. చిన్నవాటి వయసులు పట్టికల్లో దశాంశ స్థానాలతో సహా కనిపిస్తే నేను మాత్రం నమ్మను.


దూరపుకిటికీ:

పైన ఇద్దరూ బాగా చెప్పారు. ఒక ముఖ్యమైనది మిగిలిపోయింది, టెలిస్కోప్ ఎంత సన్నగా చూడగలదు అన్నది. దుమ్మును దాటడం ఒక్కటే సరిపోదు, పక్కపక్కనున్న క్లస్టర్లు విడివిడిగా కనిపించాలి కూడా. తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ అదే అద్దంతో బొమ్మ మసకబారుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఖగోళశాస్త్రం ఇన్నేళ్లూ తలకొట్టుకున్నది దీని దగ్గరే.

యాంటెన్నే దూరం సుమారు 7 కోట్ల కాంతి సంవత్సరాలు అనుకుందాం (2007లో అక్కడ కనిపించిన సూపర్నోవా ఆధారంగా తేల్చిన దూరం ఇంచుమించు ఇదే, అంతకుముందు 4.5 కోట్లే అన్న వాదన కూడా నడిచింది). ఆ దూరంలో ఆకాశంలో ఒక ఆర్క్ సెకండ్ (డిగ్రీలో 3,600వ వంతు కోణం) అంటే దాదాపు 350 కాంతి సంవత్సరాలు. 2003లో అంతరిక్షంలోకి వెళ్లిన స్పిట్జర్ ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్ అద్దం 85 సెంటీమీటర్లే. 24 మైక్రాన్ల దగ్గర అది 6 ఆర్క్ సెకండ్ల కంటే చిన్న వివరం చూపలేదు, అంటే 2 వేల కాంతి సంవత్సరాలు. మామూలుగా ఒక క్లస్టర్‌లో నక్షత్రాలు గుమికూడి ఉండేది పదుల కాంతి సంవత్సరాల్లోనే. కాబట్టి స్పిట్జర్ బొమ్మలో ఒక వెలుగు ముద్ద అన్నది ఒక క్లస్టరో, ఇరవై క్లస్టర్లో, మధ్యలో ఒక నల్లబిలమో మనకు తెలిసే మార్గం లేదు.

జేమ్స్ వెబ్ ఎందుకు అంత సంచలనం అంటే దీనికే. 6.5 మీటర్ల అద్దం. 2 మైక్రాన్ల దగ్గర 0.07 ఆర్క్ సెకండ్లు, యాంటెన్నే దూరంలో సుమారు 25 కాంతి సంవత్సరాలు. దాంతో ఒక్కో క్లస్టర్‌ను ఒక్కోటిగా లెక్కపెట్టొచ్చు. 21 మైక్రాన్ల దగ్గర కూడా 0.67 ఆర్క్ సెకండ్లు, స్పిట్జర్‌తో పోలిస్తే తొమ్మిది రెట్లు సన్నం. ఇలాంటి పొడవైన ఇన్‌ఫ్రారెడ్ తరంగాలు చూడాలంటే టెలిస్కోప్ స్వయంగా చల్లగా ఉండాలి, లేకపోతే తన వేడే తనకు అడ్డం. అందుకే దాన్ని 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, అయిదు పొరల సన్‌షీల్డ్ నీడలో 40 కెల్విన్ ప్రాంతంలో ఉంచారు, ఆ పొడవైన తరంగాలను చూసే మిరీ అనే పరికరాన్ని విడిగా ఒక కూలర్‌తో 7 కెల్విన్ కిందకు దించారు.

దీనివల్ల ఏం తేలిందో ఒక ఉదాహరణ. డెల్ఫినస్ నక్షత్రమండలంలో సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు గెలాక్సీలు కలిసిపోతున్నాయి, పేరు 2 జ్వికీ 96. దాని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో అత్యధిక భాగం రెండు కేంద్రాల నుంచీ రావడం లేదని, పక్కనున్న ఒక దుమ్ము పట్టిన చోటు నుంచి వస్తోందని స్పిట్జర్ కాలంలోనే, 2010లో చెప్పారు. మొత్తంలో 80 శాతం దాకా అక్కడిదే అని అంచనా. 2022లో వెబ్‌తో చూస్తే ఆ చోటు విడిపోయి అనేక ముద్దలుగా కనిపించింది, వాటిలో ఒక్కటే అసాధారణమైన ప్రకాశంతో ఉంది, వ్యాసార్థం చూస్తే 570 కాంతి సంవత్సరాలకు మించదు. అది కేవలం నక్షత్రాలు పుట్టే చోటా, లోపల నల్లబిలం ఏదైనా ఉందా అన్నదాని మీద చర్చ నడుస్తోంది. నల్లబిలాన్ని పసిగట్టడానికి 14.3 మైక్రాన్ల దగ్గరుండే ఒక నియాన్ గీతను వెతుకుతారు. అది నాలుగు ఎలక్ట్రాన్లు ఊడిన నియాన్‌ది, అంత గట్టిగా ఎలక్ట్రాన్లను ఊడగొట్టడం మామూలు నక్షత్రాల వల్ల కాదు. గీత ఉంటే నల్లబిలం ఉన్నట్టే అనుకోవచ్చు. లేకపోతే మాత్రం లేనట్టు కాదు, దుమ్ము మరీ మందంగా ఉంటే ఆ గీతను కూడా మింగేస్తుంది.


తోకలజంట:

నాది చిన్న అభ్యంతరం. ఈ దారం చదివితే ఢీకొన్న గెలాక్సీల్లో క్లస్టర్లన్నీ దుమ్ములో దాగి ఉంటాయని, ఇన్‌ఫ్రారెడ్ లేకపోతే ఏమీ తెలియదని అనిపిస్తోంది. యాంటెన్నే విషయంలో అది నిజం కాదు. రేడియోలో మెరిసే, అంటే దుమ్ముతో సంబంధం లేకుండా బయటపడే, నక్షత్రాలు పుడుతున్న చోట్లను తీసుకుని హబుల్ బొమ్మల్లో వెతికితే బలమైన వాటిలో 85 శాతానికి కనిపించే కాంతిలోనూ జోడీ దొరికింది, 2002లో ప్రచురించిన పని ఇది. అంటే క్లస్టర్ దుమ్ములో పూర్తిగా మునిగి ఉండే దశ చాలా పొట్టిది. నక్షత్రాల గాలులు, వెలుతురు ఒత్తిడి, ఆపైన సూపర్నోవాలు కలిసి కొన్ని లక్షల ఏళ్లలోనే, మహా అయితే కొద్ది పదుల లక్షల ఏళ్లలో చుట్టూ ఉన్న వాయువును ఊడ్చేస్తాయి.

అసలు పూర్తిగా దాగిపోయే కథ కావాలంటే ఆర్ప్ 220 చూడాలి. 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, లక్ష కోట్ల సూర్యుల కంటే ఎక్కువ వెలుగు, అందులో అధికభాగం ఇన్‌ఫ్రారెడ్‌లోనే. రెండు కేంద్రాలు 1,200 కాంతి సంవత్సరాల దూరంలో పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో 5 వేల కాంతి సంవత్సరాల మేర దుమ్ములో 200 దాకా పెద్ద క్లస్టర్లు కిక్కిరిసి ఉన్నాయి, మొత్తం మన పాలపుంతలో ఎంత వాయువు ఉందో అంతా ఆ కాస్త జాగాలోనే ఉంది. ఇలాంటి వాటిని మొదట పట్టిచ్చింది 1983లో పది నెలలు పనిచేసిన ఐరాస్ ఉపగ్రహం. అక్కడ దుమ్ము ఎంత మందం అంటే 2 మైక్రాన్లు కూడా కేంద్రాల దాకా పోలేవు. ఇన్‌ఫ్రారెడ్ అంతా దాటుతుంది అన్న మాటకు కూడా హద్దు ఉందని అందరూ గుర్తుపెట్టుకోవాలి.


ఏడోరంగు:

తోకలజంట చెప్పింది సరైన మాట, కానీ ఆ 85 శాతం నుంచి ఇంకో విషయం కూడా రావాలి. మిగిలిన 15 శాతమే అన్నిటికంటే పసివి. క్లస్టర్ ఎలా పుడుతుందో తెలియాలంటే చూడాల్సింది వాటినే, దుమ్ము ఊడ్చేసిన తర్వాత మిగిలింది చూస్తే పుట్టుక వివరాలన్నీ పోయి ఉంటాయి. సంఖ్యలో తక్కువ కాబట్టి ముఖ్యం కాదనడానికి లేదు.

ఆ దశకంటే కూడా ముందుది ఒకటి యాంటెన్నేలోనే దొరికింది. చిలీలోని ఆల్మాతో, అంటే ఇన్‌ఫ్రారెడ్ కూడా దాటి మిల్లీమీటర్ తరంగాల్లో చూస్తే, రెండు గెలాక్సీలు పడ్డ చోట అణువులుగా ఉన్న వాయువుతో నిండిన ఒక మేఘం (మాలిక్యులర్ క్లౌడ్) కనిపించింది. ఫైర్‌క్రాకర్ అని పేరు పెట్టారు. వ్యాసార్థం 24 పార్సెక్‌ల లోపు, బరువు కనీసం 50 లక్షల సూర్యులంత, కానీ లోపల నక్షత్రాలు పుడుతున్న జాడ లేదు. చుట్టూ ఉన్న ఒత్తిడి మామూలు నక్షత్రాంతర వాయువులో ఉండేదానికి పదివేల రెట్ల ప్రాంతంలో ఉంది. 2015లో వచ్చిన పేపర్ ప్రకారం 10 లక్షల ఏళ్ల లోపే అది భారీ క్లస్టర్‌గా మారాలి. ఢీకొనడానికీ ఇలాంటి క్లస్టర్లకూ సంబంధం ఏమిటంటే ఈ ఒత్తిడే. నక్షత్రాలు ఒకదాన్నొకటి గుద్దుకోవు, వాటి మధ్య ఖాళీ అంత ఎక్కువ, గుద్దుకునేది వాయువు మేఘాలు. పాలపుంత లాంటి ప్రశాంతమైన గెలాక్సీలో అంత ఒత్తిడి దొరకదు, అందుకే మన దగ్గర పదుల లక్షల సూర్యుల బరువున్న పిల్ల క్లస్టర్ ఒక్కటీ లేదు.


మసకమేఘం:

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. ఈ భారీ క్లస్టర్లే కొన్ని వందల కోట్ల ఏళ్ల తర్వాత గ్లోబ్యులర్ క్లస్టర్లు (గెలాక్సీల చుట్టూ ఉండే బాగా ముసలి, గుండ్రటి నక్షత్ర గుంపులు) అవుతాయని చదివాను. నిజమేనా? ఇంకా, ఈ బొమ్మలను నేనే డౌన్‌లోడ్ చేసుకుని చూడగలనా? నాకు కొంచెం పైథాన్ వచ్చు.


చుక్కలలెక్క:

గ్లోబ్యులర్ విషయంలో అందరూ ఒప్పుకునేది ఒకటుంది, ఇప్పటికీ తేలనిది ఒకటుంది.

ఒప్పుకునేది: బరువు, సైజు చూస్తే వీటిలో పెద్దవి గ్లోబ్యులర్‌కు సరిపోతాయి. మామూలు గ్లోబ్యులర్ బరువు రెండు లక్షల సూర్యులంత, యాంటెన్నేలో పెద్ద క్లస్టర్లు అంతకంటే బరువు. ఇప్పటికే కలిసిపోయిన ఎన్‌జీసీ 7252 అనే గెలాక్సీలో డబ్ల్యూ3 అనే క్లస్టర్ ఉంది, దాని వయసు కొన్ని పదుల కోట్ల ఏళ్లు, బరువు దాదాపు 8 కోట్ల సూర్యులంత, అంతకాలం చెదరకుండా నిలబడింది. అంటే కనీసం కొన్ని బతుకుతాయి.

తేలనిది, ఎన్ని బతుకుతాయి అన్నది. యాంటెన్నేలో క్లస్టర్లను వయసుల వారీగా పోస్తే చిన్న వయసువి విపరీతం, వయసు పదిరెట్లు అయ్యేసరికి, ఒకే నిడివి కాలంలో పుట్టినవాటిని పోల్చి చూస్తే, సంఖ్య పదో వంతుకు పడిపోతుంది. 2005లో దీన్ని చూపించినవాళ్లు, చాలా క్లస్టర్లు పసితనంలోనే చెదిరిపోతున్నాయి, బరువుతో సంబంధం లేకుండా, అన్నారు. ఇంకో వర్గం ఒప్పుకోలేదు. గెలాక్సీలు ఢీకొంటున్నప్పుడు పుట్టుకల వేగమే ఈమధ్య పెరిగి ఉండొచ్చు కదా, సొంత గురుత్వాకర్షణతో ఇంకా కట్టుబడని గుంపులను కూడా క్లస్టర్లని లెక్కేస్తున్నారు కదా, ముసలివి మసకబారి జాబితాలోంచి జారిపోతున్నాయి కదా అని. నాకైతే రెండో వర్గం అడిగిన ప్రశ్నలు గట్టివనిపిస్తాయి, ముఖ్యంగా జాబితాలోంచి జారిపోవడం గురించి. ఇన్‌ఫ్రారెడ్ లెక్కలు ఇక్కడే పనికొస్తాయి. కనిపించే కాంతితో తయారైన జాబితాలో దుమ్ములో ఉన్న పసివి లేవు, అవి చేరిస్తే వయసుతో సంఖ్య పడిపోయే ఆ వాలు ఇంకా నిటారుగా అవుతుంది. దుమ్ము పట్టిన పసివాటిని పొరపాటున ముసలివిగా లెక్కేసి ఉంటే, వాటి వయసు సరిచేసినప్పుడు కూడా వాలు మారుతుంది. వెబ్ డేటాతో వయసులు మళ్లీ కట్టేదాకా ఈ వాదన ఆగదు.


దూరపుకిటికీ:

డేటా గురించి. తప్పకుండా చూడొచ్చు, అంతా ఉచితం. మాస్ట్ అనే ఆర్కైవ్‌లో హబుల్, వెబ్ డేటా రెండూ ఉంటాయి. ఢీకొన్న గెలాక్సీల మీద వెబ్ మొదటి ఏడాదిలో ఒక ఎర్లీ రిలీజ్ కార్యక్రమం జరిగింది, ప్రోగ్రామ్ నంబర్ 1328, అందులో 2 జ్వికీ 96, వీవీ 114, ఎన్‌జీసీ 3256, ఎన్‌జీసీ 7469 ఉన్నాయి. వెయిటింగ్ పీరియడ్ లేకుండా తీసిన వెంటనే అందరికీ వదిలేశారు. మీరు ఎన్‌జీసీ 3256తో మొదలుపెట్టండి, 12 కోట్ల కాంతి సంవత్సరాలే, వాటిలో అన్నిటికంటే దగ్గరిది, క్లస్టర్లు బాగా విడివిడిగా కనిపిస్తాయి.

మూడో దశ ప్రాసెసింగ్ అయిన మొజాయిక్ ఫైళ్లు (శుభ్రం చేసి ఒకటిగా అతికించిన బొమ్మలు) తీసుకోండి, ముడి ఫైళ్ల జోలికి ఇప్పుడే పోకండి. పైథాన్‌లో ఆస్ట్రోపై, ఫోట్యుటిల్స్ ఉంటే చాలు. ముందు ఒక హబుల్ బొమ్మ, వెబ్ దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా నియర్‌క్యామ్ తీసిన ఒక 2 మైక్రాన్ల బొమ్మ, ఒక మిరీ బొమ్మ తీసుకుని ఒకే ఆకాశ నిర్దేశాంకాల మీద సర్దండి. సర్దేటప్పుడు గమనించండి, హబుల్ పాత బొమ్మల నిర్దేశాంకాలు నక్షత్రాల స్థానాలను కచ్చితంగా కొలిచిన గాయా ఉపగ్రహ కేటలాగ్‌తో పోలిస్తే కొంచెం పక్కకు జరిగి ఉండొచ్చు. వెబ్ బొమ్మలో క్లస్టర్ సైజు కంటే ఆ తేడా పెద్దదైతే జోడీలన్నీ తప్పుగా పడతాయి, ముందు దాన్ని సరిచేయండి. తర్వాత 2 మైక్రాన్ల బొమ్మలో ఉండి హబుల్ బొమ్మలో లేని చుక్కలు వెతకండి. వాటిలో కొన్ని వెనకున్న దూరపు గెలాక్సీలు అవుతాయి, కొన్ని మన పాలపుంత నక్షత్రాలు అవుతాయి. 3.3 మైక్రాన్ల దగ్గర కర్బన రేణువుల వెలుగు కూడా ఉందేమో చూసి వడపోయండి. ఎన్‌జీసీ 3256 ఫైళ్లు దించుకున్నాక సర్దుబాటు దగ్గర ఇబ్బందైతే ఇక్కడే రాయండి, నా దగ్గరున్న నోట్‌బుక్ పంపిస్తాను.